వంకర చేనికి విస్తీర్ణము కట్టు విధము

నాలుగు గట్ల చేనుకు ఎదురెదురు భుజముల సగటులను హెచ్చవేసి విస్తీర్ణము కట్టుట వాడుక. మూలలు మూలమట్టముగా లేనిచో ఈ లెక్క ఎప్పుడును ఎక్కువనే చూపును, కొనువాడు నష్టపడును.

నాలుగు గట్లును 500 లింకుల చొప్పున ఉన్న చేనును తీసికొనుడు. (66 అడుగుల గొలుసునకు 100 లింకులు, 1,000 చదరపు లింకులు ఒక సెంటు.) వాడుక లెక్కకు 2 ఎకరముల 50 సెంట్లు వచ్చును. ఇక మూలనుండి ఎదురు మూలకు కర్ణము లాగగా 600 లింకులు వచ్చినదనుకొందము. చేను రెండు సమాన త్రిభుజములైనది. ఒకదాని భుజములు 500, 500, 600 కూడి సగము చేయగా 800. అందుండి ఒక్కొక్క భుజమును తీసివేయగా 300, 300, 200. ఈ నాలుగు అంకెలను హెచ్చవేసి వర్గమూలము తీసిన 1,20,000 చదరపు లింకులు. రెండింటికి కలిపి 2 ఎకరముల 40 సెంట్లే! తేడా పది సెంట్లు, తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలు.

చేతితో వర్గమూలము తీయుట విసుగు పని. ప్రోగ్రాము పెట్టదగిన కాల్‌క్యులేటరులో ఈ సూత్రమును ఒకమారు ఎక్కించినచో, పిమ్మట ప్రతి త్రిభుజమునకు మూడు కొలతలు నొక్కిన చాలును. ఎక్కువ గట్లున్న చేనును మరిన్ని త్రిభుజములుగా విడదీయవచ్చును.

అయితే గొలుసు వదులుగా లాగిన తప్పును యంత్రము దిద్దదు. కావున రెండవ కర్ణమును గూడ కొలువుడు. ఈ చేనిలో అది 800 లింకులు ఉండవలెను. దానితో కట్టినను అదే విస్తీర్ణము రావలెను. రానిచో మరల కొలిపించిన పిమ్మటనే బయానా ఇయ్యుడు.