వార్తకు తలకట్టు

ఉదయమున జనగామ బస్సుస్టాండు చెంతనున్న ఏ టీ దుకాణమునకైనను పోయి చూడుడు. అచ్చట దినపత్రిక ఒక్కటే యుండును, చదువరులు పదుగురుందురు. ఒకరు దానిని విప్పి చేతబట్టుకొందురు. మరియొకరు వెనుకనుండి తొంగి చూతురు. వేరొకరు బస్సు కదలులోపల నిలుచుండియే మొదటి పుటపై దృష్టి సారింతురు. వీరిలో వార్తనంతయు చదువువారు కొందరే. తక్కినవారు పెద్ద అక్షరములలోనున్న పంక్తిని మాత్రము చదివి తమ పనులకు పోవుదురు. ఇంటికడ ఇరుగుపొరుగులతో వారు చెప్పునదియు ఆ పంక్తినే.

ఆ పంక్తికి శీర్షిక యని పేరు. శీర్షమనగా తల. దీనినే మకుటమనియు వాడుదురు, మకుటమనగా కిరీటము. అచ్చతెలుగున తలకట్టు అనవచ్చును. విద్యార్థులారా! తలకట్టు అను మాట మీకు క్రొత్తది కాదు. ఓనమాలు దిద్దిననాడే దానిని నేర్చితిరి. 'క' అను అక్షరముపై నుండు చిన్నగీతయే తలకట్టు. దానిని తీసి గుడి పెట్టినచో 'కి' యగును. ఎత్వమిచ్చినచో 'కె' యగును. క్రింది రూపము మారకున్నను పై గీత మారినంతనే పలుకు మారిపోవును. వార్త విషయమునను ఇంతే. క్రింద వ్రాసినది ఎంత సత్యమైనను, పైనున్న పంక్తి తప్పినచో చదువరి చెవికి వేరొక పలుకు వినబడును.

మంచి పేరు పెట్టు విద్య మన ప్రాంతమున చిరకాలముగా నున్నదే. జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు వినగానే వీరశైవకవియగు పాల్కురికి సోమనాథుడు మనకు స్మరణకు వచ్చును. ఆయన బసవేశ్వరుని చరిత్రమును ద్విపదలో రచించి, దానికి 'బసవపురాణము' అని పేరిడెను. పురాణమను మాట సామాన్యముగా దేవతల కథలకు చెల్లునది. 12వ శతాబ్దమున కల్యాణమున జీవించిన ఒక భక్తుని కథకు ఆ మాటను చేర్చుటలోనే, భక్తుడు దేవతకు తీసిపోడను భావము స్ఫురించుచున్నది. 'బసవ' యనునది తెలిసిన మాట. 'పురాణము' అనునదియు తెలిసిన మాటయే. తెలిసిన రెండు మాటలను కలుపుటచేత క్రొత్త యర్థము పుట్టినది. వింతపదములకై వెదకవలసిన పని లేకపోయినది.

ఇంకొక యుదాహరణము వినుడు. నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. ఉన్నతవిద్యయు ఉర్దూలోనే సాగుచుండెడిది. అట్టి కాలమున, 1922లో, నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి యను పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అను సోదరులు ఒక వారపత్రికను వెలువరించిరి. దాని పేరు 'తెనుగు'. అక్షరములు మూడే. ప్రజలు ఇంట మాటలాడు భాషకు కచేరీలో చోటులేని దినములలో, ఆ భాష పేరే పత్రిక నొసట నిలిచినది. ఇది ఏ భాషలో వ్రాయబడినది, ఎవరికొరకు వ్రాయబడినది, ఎందులకు వ్రాయబడినది అను మూడు ప్రశ్నలకును ఆ యొక్కమాటయే సమాధానము.

కొంతకాలమునకు తెలంగాణమున తెలుగు కవులే లేరను మాట పుట్టినది. హైదరాబాదున 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారికి ఆ మాట బాధ కలిగించెను. వారు 1934లో ఒక గ్రంథమును ప్రకటించి ఆ మాటకు బదులు చెప్పిరి. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. ఆ గ్రంథమునకు 'నిందకు ప్రత్యుత్తరము' అని పేరు పెట్టవచ్చును. 'కవులు లేరా?' యని గద్దింపవచ్చును. అట్లు చేయక 'గోలకొండ కవుల సంచిక' యని మాత్రము పేరిడిరి. అందు కోపము లేదు, అతిశయోక్తి లేదు. గోలకొండ యనగా తెలంగాణము; కవులున్నారు; ఇదిగో సంచిక. పైనున్న పేరు చెప్పినదానిని లోపలి పుటలు ఋజువు చేసినవి.

శీర్షికకు ప్రాణమిదియే. శీర్షిక వాగ్దానము, క్రింది రచన దాని చెల్లింపు. హుండీ వ్రాయుట సులభము, పెట్టెలో రొక్కముండవలెను. రొక్కము లేక హుండీ వ్రాసిన వర్తకుని ఒకమారు నమ్ముదురు; రెండవమారు నమ్మరు.

ఇక శీర్షికను వ్రాయు విధమును పరిశీలింతము. ఒక వార్తను ఊహింపుడు. జనగామ ప్రాంతమున ఒక పల్లెలో రాత్రివేళ పెద్దవాన కురిసి చెరువుకట్టకు గండి పడినది. ఊరివారు లాంతరులతోను, టార్చిలైట్లతోను పరుగెత్తి, ఇసుక బస్తాలు వేసి తెల్లవారులోపల దానిని పూడ్చిరి. చెరువు క్రింద 200 ఎకరముల వరి దక్కినది. దీనికి ఏ పేరు పెట్టవలెను?

ఒక విద్యార్థి 'భారీ వర్షము' అని వ్రాసెను. ఇది అబద్ధము కాదు. కాని వాన అంతటను కురియును. ఈ యూరి విశేషము ఇందు లేదు. రెండవ విద్యార్థి 'గ్రామస్థుల అపూర్వ సాహసము' అనెను. పొగడ్త వినబడుచున్నది గాని పని కనబడుట లేదు. సాహసమని మనము చెప్పనక్కరలేదు. చేసిన పనిని చెప్పినచో చదువరియే ఆ మాట యనును. మూడవవాడు 'ఆ రాత్రి చెరువుకట్టపై ఏమి జరిగెను?' అనెను. ఇది విషయమును దాచిపెట్టి చదువరిని ఊరించుట. దొంగాట బాలురకు చెల్లును గాని వార్తకు చెల్లదు. నాలుగవవాడు 'చెరువుకు గండి: ప్రమాదములో 200 ఎకరములు' అని వ్రాసెను. ఇందలి ప్రతిమాటయు రాత్రి పదిగంటలకు నిజమే. కాని ఉదయమున పత్రిక చేతికందునప్పటికి అది నిజము కాదు. సగము నిజము చెప్పిన శీర్షికను చూచి, పట్నమున చదువుకొను ఆ యూరి పిల్లవాడు ఎంత తల్లడిల్లును!

అయిదవ విద్యార్థిని ఇట్లు వ్రాసెను: 'రాత్రికి రాత్రే గండి పూడ్చిన ఊరివారు, దక్కిన 200 ఎకరముల వరి'. ఎవరు, ఏమి, ఎప్పుడు, ఫలమేమి అను నాలుగును ఇందున్నవి. పొగడు విశేషణ మొక్కటియు లేదు. అంకె యున్నది. చదువరి ఇంతమాత్రము చదివి పోయినను మోసపోడు. మిగిలినది చదువవలెనను కోరికయు కలుగును.

ఇచ్చట మన భాషలోని యొక సొగసును గమనింపుడు. తెలుగు వాక్యమున క్రియ సామాన్యముగా చివర నిలుచును. 'ఊరివారు గండిని పూడ్చిరి' అనునది వాక్యము. 'గండి పూడ్చిన ఊరివారు' అన్నచో కర్త చివరకు వచ్చి, బరువంతయు మనుష్యులపై పడును. 'గండి పూడ్చివేత' అన్నచో పని మిగిలి మనుష్యులు మాయమగుదురు. మూడును వ్యాకరణసమ్మతములే, ఏది వాడవలెనన్నది వ్రాయువాని వివేకము. 'చెట్ల నరికివేత' యను శీర్షికను చదివినప్పుడు, నరికినదెవరని మీ మనస్సు అడుగవలెను. కర్త తెలియనప్పుడు చెప్పకుండుట న్యాయము. తెలిసియు దాచుట అన్యాయము.

శీర్షికకు సంక్షేపము కావలెను. పూర్వము ముద్రణాలయములలో సీసపు అక్షరములను ఒక్కొక్కటిగ చేతితో కూర్చెడివారు. తెలుగు అక్షరమునకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండుటచే పెద్ద అక్షరముల పంక్తికి చాల చోటు కావలెను. పత్రికలోని వరుస వెడల్పు నియతము. సీసమును నొక్కి ఇరికించుటకు వీలులేదు గనుక, పట్టని మాటను మార్చవలసినదే. నేడు కంప్యూటరు అక్షరమును ఇచ్చవచ్చినట్లు కుదించును. కాని చదువరి కన్ను కుదియలేదు. 'వర్షాభావ పరిస్థితులు' అనుటకంటె 'వాన కరవు' అనుట మేలు. 'విద్యుత్సరఫరాకు అంతరాయము' అనుటకంటె 'రాత్రంతయు కరెంటు లేదు' అనుట స్పష్టము. వాన, కరవు, గండి, పంట, ధర, అప్పు అనునవి చిన్నమాటలు. పత్తి తెచ్చిన రైతునకును, బడికి పోవు బాలికకును అవి సమానముగా తెలియును. అయితే పొట్టితనముకొరకు అర్థమును కోయరాదు. ఒక్కమాట పెరిగినచో అర్థము నిలుచుననుకొన్నప్పుడు ఆ మాటను నిలుపవలెను.

తొందరపాటు శీర్షికకు శత్రువు. 1912 ఏప్రిలు 14వ తేది రాత్రి అట్లాంటిక్ మహాసముద్రమున టైటానిక్ అను నౌక మంచుకొండను ఢీకొని, తెల్లవారకముందే మునిగిపోయెను. నిజము తెలియులోపల కొన్ని పత్రికలు ప్రయాణికులందరును క్షేమమని పెద్ద అక్షరములలో ప్రకటించినవి. నిజమునకు సుమారు 1500 మంది మరణించిరి. తమవారు బ్రదికియున్నారని నమ్మి ఆనాడు ఊరట చెందిన తల్లుల స్థితిని తలచికొనుడు.

అంత దూరము పోనక్కరలేదు. ఒక పాఠశాలను ఊహింపుడు. విద్యార్థులు గోడపత్రికను నడుపుచున్నారు. ఒకనాడు గ్రంథాలయమున నిఘంటువు కనబడలేదు. దానిని చివరిమారు చదువుటకు తీసికొన్నవాడు ఏడవ తరగతి బాలుడు. గోడపత్రిక సంపాదకుడు ఎర్రసిరాతో 'నిఘంటువు దొంగ దొరికినాడా?' అని వ్రాసెను. క్రింద వ్రాసిన వార్తలో ఆ బాలుడు దొంగిలించెనని ఎచ్చటను లేదు. పుస్తకమును చివర తీసికొనెనని మాత్రమే యున్నది. కాని క్రింది పంక్తులను చదివినదెవరు? మధ్యాహ్నమునకు తోటివారు ఆ బాలుని చూచి నవ్వసాగిరి. సాయంకాలమునకు ఆ మాట బావికడ నీళ్లు తోడుచున్న వాని తల్లి చెవిని పడెను. మరునాడు బాలుడు బడికి రాలేదు.

మూడవనాడు నిఘంటువు తిరిగి వచ్చినది. అట్టలూడిపోయిన పుస్తకములతో పాటు దానిని బైండు చేయించుటకు పంపియుండిరి. సంపాదకుడు గోడపత్రిక అడుగున, చిన్న అక్షరములతో, ఆ సంగతిని వ్రాసి ఊరకుండెను. ఉపాధ్యాయులు అడుగగా, "నేను దొంగ అనలేదండీ, ప్రశ్నార్థకము పెట్టితిని" అనెను. "నాయనా, నీవు పెట్టిన ప్రశ్నార్థకమును ఆ తల్లి చెవికి ఎవరు చేరవేసిరి?" అని వారు ప్రశ్నించిరి. సంపాదకుడు తలవంచుకొని, మరునాడు పై భాగముననే, అంత పెద్ద అక్షరములతోనే, 'బైండునుండి వచ్చిన నిఘంటువు. విద్యార్థికి పత్రిక క్షమాపణ' అని వ్రాసెను. పిమ్మట తానే పోయి ఆ బాలుని పిలుచుకొని వచ్చెను. తప్పు ఎంత పెద్ద అక్షరములతో చేసితిమో, దిద్దుబాటు అంత పెద్ద అక్షరములతో చేయవలెను.

ఇంకొకమాట. పూర్వము శీర్షికయు వార్తయు ఒకే కాగితముపై నుండెడివి. సందేహము కలిగినవాడు కన్ను దించి క్రింది పంక్తులను చూచుకొనెడివాడు. నేడు సెల్‌ఫోనులలో శీర్షిక ఒంటరిగ పయనించుచున్నది. మొండెము విడిచిన తలవలె ఊరూరు తిరుగుచున్నది. దానిని వ్రాయువారెంత బాధ్యులో, క్రింది వార్తను చదువక పదుగురికి పంపువారును అంత బాధ్యులు.

కావున మీరు వ్యాసము గాని, పాఠశాల పత్రికకు వార్త గాని వ్రాయునప్పుడు మొదట విషయమును పూర్తిగ వ్రాయుడు. పిమ్మట, దీనిని ఇంటికడ అమ్మకు ఒక్కమాటలో ఎట్లు చెప్పుదునని ఆలోచింపుడు. ఆ మాటనే కాగితముపై పెట్టుడు. అందు ఊరి పేరో, మనిషియో, అంకెయో, చేసిన పనియో ఉన్నదేమో చూడుడు. తుదకు మిమ్ము మీరే ఇట్లు ప్రశ్నించుకొనుడు: ఈ పంక్తిని మాత్రమే చదివి పోవువాడు నిజమును తీసికొని పోవునా? ఇందు పేర్కొనబడినవాడు నా యెదుట నిలిచినప్పుడు దీనిని గట్టిగ చదివి వినిపింపగలనా? ఈ రెండింటికిని ఔనని చెప్పగలిగినచో శీర్షిక సిద్ధమైనట్లే.

టీ దుకాణమున తొంగిచూచి పోవు ఆ బాటసారికి మనము ఇయ్యగలిగినది ఒక్క పంక్తియే. ఆ పంక్తిని నమ్మియే అతడు బస్సెక్కును.

అభ్యాసము

1. 'శీర్షిక వాగ్దానము, క్రింది రచన దాని చెల్లింపు.' ఈ మాటను 'గోలకొండ కవుల సంచిక' యను పేరుతో సమన్వయించి వ్రాయుము.

2. 'గండి పూడ్చిన ఊరివారు', 'గండి పూడ్చివేత' - ఈ రెండింటికిని గల భేదమేమి?

3. గోడపత్రిక సంపాదకుడు మొదటినాడే ఏ శీర్షికను వ్రాసియుండవలెను? కారణము తెలుపుము.

4. నిన్న మీ యూరిలో జరిగిన ఒక సంగతిని పది పంక్తులలో వ్రాసి, దానికి మూడు శీర్షికలు పెట్టి, వానిలో మేలైనది ఏదో, ఎందులకో చెప్పుము.