పురిటి గది నిండితే రిఫరల్ ఎలా?

ప్రశ్న: మాది పెనుగొండ. కోడలికి ఎనిమిదో నెల, బీపీ ఉంది. నొప్పులొచ్చాక పెద్దాసుపత్రిలో మంచాల్లేవంటే ఎలా?

జవాబు: రద్దీ ఎక్కువైనప్పుడు వరుసను నిర్ణయించేది ముందొచ్చారా అన్నది కాదు, ప్రమాద తీవ్రత. రక్తస్రావం, ఫిట్స్ ఉన్నవారిని ముందు చూస్తారు; ఆగగలిగే సిజేరియన్లను వాయిదా వేస్తారు. పెనుగొండలో వీలుకాని కాన్పు తణుకుకో, మరీ క్లిష్టమైతే ఏలూరు సర్వజన ఆసుపత్రికో వెళ్తుంది. బయల్దేరేముందే అవతలి ఆసుపత్రికి ఫోన్ చేయించడం చాలా ముఖ్యం. రిఫరల్ చీటీలో బీపీ ఎంత, ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు అన్నవి ఉండాలి. ఆ రెండు వరుసలు లేకుంటే అక్కడ పరీక్షలన్నీ మళ్లీ మొదలై విలువైన సమయం పోతుంది. బీపీ ఉన్న గర్భిణి కాన్పు ఎక్కడో తొమ్మిదో నెలకు ముందే డాక్టరుతో తేల్చుకోవాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ఉచిత పరీక్షలు అందుకు అనువైనవి. తల్లీబిడ్డల కార్డు, బ్లడ్ గ్రూపు కాగితం ఒకే సంచిలో ఉంచాలి.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే నొప్పుల కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.