కుంగుబాటు వ్యాధి - వైద్య సహాయం

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు సాగే రైలు ఉసలాపూర్, ఘుట్కూ, కల్మీటార్ స్టేషన్లను దాటిన పిదప కర్గీ రోడ్ చేరుతుంది. స్టేషన్ ఫలకం మీది పేరు అది. ఊరి పేరు మాత్రం కోటా. (రాజస్థాన్‌లోని కోటాకూ దీనికీ సంబంధం లేదు.) కోటా అనే ఫలకం కోసం కిటికీలోంచి చూస్తూ కూర్చున్న కొత్త ప్రయాణికుడు తాను దిగవలసిన చోటును దాటిపోగలడు. వైద్యులు 'డిప్రెషన్' అనీ, తెలుగులో కుంగుబాటు అనీ వ్యవహరించే వ్యాధి విషయంలో ఎన్నో కుటుంబాలకు జరుగుతున్నది ఇదే. ఆసుపత్రిలో దానికి ఒక పేరు, ఇంట్లో మరొక పేరు. ఆ రెండూ ఒకటేనని తెలిసేసరికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు గడచిపోతాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో, 1891 ప్రాంతంలో, బిలాస్‌పూర్ రైలు కూడలిగా రూపొందింది. నాటి నుంచి రైలు పనుల కోసం వివిధ భాషల వారు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. తెలుగు కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీలలో తరతరాలుగా నివసిస్తున్నాయి. ఇంట తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, కార్యాలయంలో హిందీ మాట్లాడడం వారికి అలవాటైన విషయమే. కాని మనసులోని బాధను చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఈ మూడింటిలో ఏది అక్కరకు వస్తుంది? తెలుగులో దిగులు, బెంగ, గుబులు, విచారం, వ్యాకులత అని ఎన్నో మాటలున్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఛాయ. సొంత ఊరికి దూరమైన పిల్లవాడు బెంగ పెట్టుకుంటాడు. కొడుకు ఉత్తరం రాకపోతే తల్లికి గుబులు. ఇవేవీ వ్యాధులు కావు. అందువల్లనే అసలు వ్యాధి వచ్చినప్పుడు కూడా దానిని ఇదే కోవలో చేర్చి, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని సరిపెట్టుకోవడం సహజమైపోయింది.

కర్గీ రోడ్ పరిసరాలలో పనిచేసే ఒక ట్రాక్‌మన్‌ను ఊహించుకుందాం. వయస్సు నలభై దాటింది. కొన్ని వారాలుగా తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తున్నది. ఆపైన నిద్ర పట్టదు. అన్నం సయించదు. తలనొప్పి, నడుమునొప్పి, గుండె బరువు. డ్యూటీకి వెళ్లినా చేయి ఆడదు. మనసు సంగతి అతడు ఎత్తడు. అడిగినవారికి ఒంట్లో నలతగా ఉన్నదని మాత్రమే చెబుతాడు. ఎక్స్‌రే తీయించారు, దోషం కనిపించలేదు. బలం మాత్రలు వాడారు. ఇరుగుపొరుగువారి సలహాతో బైగా వద్దకు వెళ్లి తాయెత్తు కట్టించారు. ఏ మార్పూ లేకపోయేసరికి ఇంటివారికి విసుగు పుట్టి, సోమరితనమన్నారు. ఆ మాట అతడికి నిజమేననిపించింది. తాను ఎందుకూ పనికిరానివాడినన్న భావన కూడా ఈ వ్యాధి లక్షణాలలో ఒకటి. రోగి చేతనే రోగాన్ని తన తప్పుగా ఒప్పించడం దీనికున్న విచిత్ర స్వభావం.

వైద్యశాస్త్రం ఈ వ్యాధిని గుర్తించే పద్ధతి స్పష్టంగా ఉంది. దాదాపు ప్రతిరోజూ, దినమంతా మనసు కుంగి ఉండడం గాని, ఇంతకుముందు ఇష్టపడిన వాటిపై ఆసక్తి నశించడం గాని ప్రధాన లక్షణం. దానికి తోడుగా నిద్రలోను, ఆకలిలోను మార్పు, అలసట, ఏకాగ్రత లోపించడం, కదలికలు మందగించడం లేదా స్థిమితం లేకపోవడం, అపరాధ భావన, మరణాన్ని గురించిన ఆలోచనలు వంటివి కొన్ని చేరి, కనీసం రెండు వారాలు కొనసాగి, పనికీ సంసారానికీ ఆటంకం కలిగిస్తే వైద్యుని సంప్రదించాలి. ఆప్తులను కోల్పోయినవారి దుఃఖం వేరు. ఆ దుఃఖం తెరలు తెరలుగా వచ్చిపోతుంది. మధ్యలో పసిబిడ్డను చూసి నవ్వు రావచ్చు. కుంగుబాటులో ఆ తెరపి అరుదు. అయితే దుఃఖం వెంటనే ఈ వ్యాధి రావడమూ కద్దు. కనుక కారణం ఉన్నది గదా అని చికిత్స మానరాదు.

వంశపారంపర్యం, దీర్ఘకాలపు ఒత్తిడి, బాల్యంలోని కష్టాలు, ప్రసవం, మద్యపానం, దీర్ఘరోగాలు ఇందుకు దోహదం చేస్తాయి. మెదడులో ఒక రసాయనం తగ్గడమే కారణమన్న పూర్వపు వివరణ సంపూర్ణం కాదని ఈనాడు నిపుణులు అంగీకరిస్తున్నారు. థైరాయిడ్ లోపం, రక్తహీనత ఇవే లక్షణాలను చూపగలవు కాబట్టి వైద్యుడు మొదట రక్తపరీక్ష చేయించవచ్చు.

ఔషధాల చరిత్రలో ఒక ఆసక్తికరమైన ఘట్టం ఉంది. కర్గీ రోడ్ దాటి ఇదే మార్గంలో ముందుకు పోతే పేండ్రా రోడ్ వస్తుంది. క్షయరోగుల శానిటోరియం వల్ల ఒకప్పుడు పేరు పొందిన చోటు అది. ఈ వ్యాధికి తొలి మందులలో ఒకటి దొరికింది కూడా అటువంటి క్షయ వైద్యశాలలోనే. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో ఇప్రోనియాజిడ్ అనే క్షయ మందు వాడిన రోగులలో ఊహించని ఉల్లాసం కనిపించింది. కొద్దికాలానికే స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ ప్రయోజనాన్ని కనుగొన్నాడు. ఈనాడు వాడే మందులు వాటికంటె సురక్షితమైనవి.

వీటిని గురించి ప్రజలలో ఉన్న అపోహలే చికిత్సకు పెద్ద ప్రతిబంధకం. ఇవి మత్తుమందులు కావు. ఫలితం కనిపించడానికి సామాన్యంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. మొదటి వారంలో వికారమో, నిద్రలేమో కలిగి, గుణం మాత్రం కనిపించక, చాలామంది అక్కడే మానివేస్తారు. కోలుకున్న తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడవలసి ఉంటుంది; ఆపవలసి వచ్చినప్పుడు వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించాలి. మునుపెన్నడైనా నిద్రలేకుండానే అమితోత్సాహంతో రోజులు గడిపి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. అట్టివారికి చికిత్స వేరు. వ్యాధి తేలికగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన నిపుణునితో క్రమబద్ధంగా జరిపే సంభాషణ చికిత్స ఒక్కటే చాలవచ్చు. 'కరెంటు షాక్' అన్న మాట విని భయపడేవారున్నారు. తీవ్రమైన వ్యాధిలో మాత్రమే వైద్యులు దానిని సూచిస్తారు. మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

2015-16లో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ పన్నెండు రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. ఛత్తీస్‌గఢ్ వాటిలో ఒకటి. కుంగుబాటుతో బాధపడుతున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. తదుపరి కాలంలో నిమ్‌హాన్స్ వైద్యులు దూరశిక్షణ ద్వారా ఛత్తీస్‌గఢ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు మానసిక రోగాల చికిత్సలో తర్ఫీదు ఇచ్చారు. బిలాస్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, రైల్వే కేంద్ర ఆసుపత్రి, సమీపాన సేంద్రీలో రాష్ట్ర మానసిక వైద్యశాల ఉన్నాయి. సేంద్రీ పేరు చెప్పగానే పిచ్చివాళ్ల ఆసుపత్రి అని ముఖం చిట్లించేవారు లేకపోలేదు. విశాఖలో చినవాల్తేరు, హైదరాబాదులో ఎర్రగడ్డ పేర్లకు తెలుగువారు కట్టిపెట్టిన అపఖ్యాతి ఇటువంటిదే. జ్వరానికి ఆసుపత్రికి పోవడానికి లేని సిగ్గు దీనికి ఎందుకో!

భాష సమస్యకు కూడా కొంత పరిష్కారం లభించింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం 'టెలీ మానస్' సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో ఈ సేవ లభిస్తుంది. ఫోను చేసినవారు తమ భాషను ఎంచుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న తెలుగు గృహిణి తన గుబులును గుబులు అనే చెప్పుకోగలదు.

బతకాలని లేదని రోగి అన్నప్పుడు దానిని బెదిరింపుగా కొట్టివేయరాదు. అటువంటి ఆలోచన ఉన్నదా అని సౌమ్యంగా అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది. ఉన్నదంటే ఆ మనిషిని ఒంటరిగా విడవకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో దాచనక్కరలేదు. ఆత్మహత్యా యత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, శిక్షకు బదులు సంరక్షణ, చికిత్స అందించాలని 2017 చట్టం ఆదేశిస్తున్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్‌కు చోటు లేదు.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఇంటివారు ఒకరు తోడుండడం మేలు. నిద్ర ఎప్పటినుంచి చెడింది, తిండి ఎంత తగ్గింది, ఏయే మందులు వాడారు, మద్యం అలవాటు ఉన్నదా అన్న వివరాలు ఒక కాగితం మీద తెలుగులోనైనా రాసుకుని, పాత చీటీలతో పాటు వెంట తీసుకుపోవాలి. రోగి నోరు విప్పలేని రోజున ఆ కాగితాన్ని చదివి వినిపించవచ్చు.