అద్దము ముందటి ప్రశ్న

యాపిల్ కంపెనీ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్యాన్సరు కనబడెను. 2005 జూన్ 12న, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో పట్టభద్రులతో ఆయన చెప్పిన సంగతి మనకును పాఠమే.

33 ఏండ్లుగా ఆయన ప్రతి ఉదయమున అద్దములో చూచుకొని, ఇదే కడపటి దినమైతే నేడు చేయబోవు పనిని చేయగోరుదునా అని తన్ను తానే అడుగుకొనుచుండెను. వరుసగా అనేక దినములు కాదను జవాబే వచ్చినయెడల, ఏదో మార్చుకొనవలెనని గ్రహించెడివారు.

ఇందు మనము నేర్చుకొనవలసినవి రెండు. మొదటిది, ఒక్కనాటి విసుగును బట్టి పని విడువరాదు. నాట్లనాడు నడుము నొచ్చినను పంట కొరకు వంగుదుము గదా. రెండవది, జవాబు తెలిసిన పిమ్మట జాగు చేయరాదు. అన్నతో మాటలు మానియుందుము, కూలివాని కూలి నిలిపియుందుము. తప్పని ప్రతి ఉదయము తెలిసినను, రేపు చూతమందుము.

జాబ్స్ 2011 అక్టోబరు 5న, 56 ఏండ్ల ప్రాయమున మరణించెను. అంత ధనమున్నను మరియొక రేపు దొరకలేదు. తొంబదియవ కీర్తనలో మోషే ప్రార్థించినదియు దినములను లెక్కించుటను గూర్చియే. కాబట్టి ఆ కూలి నేడే చెల్లింతము. ఆ అన్న గడప నేడే త్రొక్కుదము.