ఒమాహాకు పదిహేడు ప్రయాణాలు

మా బడిలో పెద్ద తరగతి పిల్లల కోసం ఏటా ఒక పొడుగు పాఠం మేమే రాసుకుంటాం. ఈసారి దేని గురించి రాద్దామని అడిగితే క్లాసులో సగం మంది "బేస్‌బాల్" అన్నారు. సరే, ఆటగాడి గురించి కాకుండా ఆట నేర్పినవాడి గురించి చదువుదాం అనుకున్నాం. కోచ్‌ని తెలుగులో శిక్షకుడు అంటారు. ఆ మాట పిల్లలకు నేర్పుతున్నాం గానీ ఇంట్లో మనమంతా కోచ్ అనే అంటాం, కనుక ఇక్కడా అదే వాడుతున్నాం.

ముందు తల్లిదండ్రులకు రెండు ముక్కలు. మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం. బేస్‌బాల్‌లో జట్టుకు తొమ్మిది మంది. బౌలర్ లాంటివాడు పిచర్, వికెట్‌కీపర్ లాంటివాడు క్యాచర్. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. ఇలా తొమ్మిదిసార్లు. కాలేజీ ఆటలో 1974 నుంచి లోహపు బ్యాట్లు వాడనిస్తున్నారు, అందుకే టీవీలో బంతి తగలగానే గిన్నె మీద గరిటె కొట్టినట్టు "టింగ్" మంటుంది. డ్రా కోసం ఆడే అలవాటు ఈ ఆటలో లేదు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఇన్నింగ్స్ పెంచుకుంటూ పోతారు.

ఇక మన పాఠం మైక్ మార్టిన్ గారి గురించి. నార్త్ కరోలినాలో 1944లో పుట్టారు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి జట్టులోనే ఆడారు. 1965లో ఆ జట్టుతో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా ఊరికి వెళ్ళారు. కాలేజీ బేస్‌బాల్ జాతీయ ఛాంపియన్ ఎవరో తేలేది ఆ ఊళ్ళోనే, 1950 నుంచీ. తర్వాత కొన్నాళ్ళు కిందిస్థాయి ప్రొఫెషనల్ జట్లలో ఆడారు గానీ మేజర్ లీగ్ దాకా చేరలేదు. 1975లో తన కాలేజీకే అసిస్టెంట్ కోచ్‌గా తిరిగి వచ్చారు. అప్పటి ప్రధాన కోచ్ డిక్ హౌజర్ న్యూయార్క్ యాంకీస్‌ని నడపడానికి వెళ్ళిపోవడంతో, 1980 సీజన్ నుంచి ఆ కుర్చీ మార్టిన్ గారికి వచ్చింది. అక్కడే 40 ఏళ్ళు ఉన్నారు. మనలో చాలామంది నాలుగేళ్ళకొక కంపెనీ మారినవాళ్ళమే, కనుక ఈ సంగతి దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి.

పిల్లలూ, ఇప్పుడు అంకెలు. వీటిని తెలుగులో పైకి చదవాలి. గెలిచినవి 2029. రెండు వేల ఇరవై తొమ్మిది. ఓడినవి 736. ఏడు వందల ముప్పై ఆరు. వర్షం వల్లో మరో కారణం వల్లో తేలకుండా పోయినవి 4. అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో ఇన్ని గెలుపులు మరే కోచ్‌కూ లేవు. 2018 మే నెలలో ఆగీ గరీడో పేరిట ఉన్న 1975 గెలుపుల రికార్డును దాటారు, 2019 మార్చిలో రెండు వేలకు చేరారు. కానీ మాకు నచ్చిన అంకె ఇది కాదు. 40 సీజన్లలో ఏ ఒక్క సీజన్‌లోనూ 40 గెలుపులకు తగ్గలేదు. నలభై ఏళ్ళూ జాతీయ టోర్నమెంట్‌కు అర్హత సంపాదించారు. దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: నిలకడ. "నిలకడ మీద నిజం తేలుతుంది" అనే సామెతలోని నిలకడే ఇది.

కాలేజీలో ఈ నిలకడ ఎందుకు కష్టమో చెప్పాలి. ప్రొఫెషనల్ జట్టుకు మంచి ఆటగాడు దొరికితే పదేళ్ళు ఉంచుకోవచ్చు. కాలేజీ కోచ్‌కి ఆ వీలు లేదు. నాలుగేళ్ళ కాలేజీలో చేరిన కుర్రాడు మూడేళ్ళు పూర్తయ్యాక, లేదా 21 ఏళ్ళు వచ్చాక, మేజర్ లీగ్ జట్లు ఎంచుకోవడానికి అర్హుడవుతాడు. అంటే కుర్రాడు ఎంత బాగా తయారైతే అంత త్వరగా వెళ్ళిపోతాడు. ఏటా కొత్తవాళ్ళను వెతకాలి, హైస్కూళ్ళ చుట్టూ తిరగాలి, తల్లిదండ్రులతో మాట్లాడి ఒప్పించాలి. డబ్బు కూడా తక్కువే. 2025 వరకు పెద్ద విభాగంలోని బేస్‌బాల్ జట్టుకు అనుమతించిన స్కాలర్‌షిప్పులు 11.7 మాత్రమే. ఫుట్‌బాల్‌కి 85! ఆ పదకొండు చిల్లరనే ముక్కలు చేసి ఒకడికి సగం, ఒకడికి పావు అని పంచేవారు. అందుకని బేస్‌బాల్ ఆడితే కాలేజీ ఫీజు మొత్తం పోతుందనుకున్న చాలా ఇళ్ళలో మిగతా డబ్బు తల్లిదండ్రులే కట్టుకున్నారు. 2025లో ఆ నిబంధన మారింది. మీ పిల్లవాడు ఆ దారిలో ఉంటే ఏ కాలేజీ ఎంత ఇస్తుందో విడివిడిగా అడిగి తెలుసుకోండి.

కోచ్ పని ఏమిటో తెలియాలంటే బస్టర్ పోజీ సంగతి చూడాలి. ఆ కుర్రాడు షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడిగా వచ్చాడు. మొదటి ఏడాది అక్కడే ఆడాడు. 2007లో మార్టిన్ గారి బృందం అతన్ని క్యాచర్‌గా మార్చింది. ఆటంతా గొంతుకూర్చోవాలి, ప్రతి బంతికీ పిచర్‌కి సైగ చేయాలి. బాగా ఆడుతున్నవాణ్ణి ఉన్న చోటు నుంచి కదిపి, అందరికన్నా ఒళ్ళు నొప్పులున్న పనిలో పెట్టడం చిన్న నిర్ణయం కాదు. మరుసటి ఏడే అతను దేశంలో మేటి కాలేజీ ఆటగాడిగా గోల్డెన్ స్పైక్స్ అవార్డు అందుకున్నాడు. 2008 మే నెలలో ఒక ఆటలో సరదాగా తొమ్మిది స్థానాల్లోనూ ఆడించారు కూడా. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి క్యాచర్‌గా 2010, 2012, 2014లలో వరల్డ్ సిరీస్ గెలిచాడు.

ఇప్పుడు అసలు విషయం. ఇంత చేసిన మార్టిన్ గారు జాతీయ ఛాంపియన్ ఎప్పుడూ కాలేదు. కోచ్‌గా 17 సార్లు జట్టును ఒమాహాకు తీసుకెళ్ళారు. అక్కడికి చేరేవి ఎనిమిది జట్లే. రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి పోవాలి. 1986లో ఫైనల్ దాకా వెళ్ళి అరిజోనా చేతిలో 10-2తో ఓడారు. 1999లో మయామీ చేతిలో 6-5, ఒక్క పరుగు తేడా. పత్రికలవాళ్ళు ప్రతి ఏటా అదే ప్రశ్న అడిగేవారు.

ఇంజనీర్లం కదా, మేం ఒక లెక్క వేశాం. ఎనిమిది జట్లకూ సమాన అవకాశం అనుకుంటే, ఒకసారి వెళ్ళి గెలవకపోవడానికి అవకాశం ఎనిమిదింట ఏడు. పదిహేడుసార్లూ గెలవకపోవడం అంటే ఆ ఏడు బై ఎనిమిదిని పదిహేడుసార్లు వేసి గుణించాలి. వచ్చేది సుమారు పదో వంతు. అంటే ఇంత మంచి కోచ్‌లు పదిమంది ఉంటే, వాళ్ళలో ఒకరికి కేవలం అదృష్టం కలిసిరాక ఇలా జరగవచ్చు. ఒమాహాలో ఆటలు వారం, పది రోజులు. ఆయన ఉద్యోగం నలభై ఏళ్ళు. ఆ పది రోజులతో నలభై ఏళ్ళను కొలవడం మాకు సబబుగా తోచలేదు. ఎంసెట్ ర్యాంకుతో మనిషిని తూచిన కాలం నుంచి వచ్చినవాళ్ళం, ఒక్క పరీక్ష ఎంత చెబుతుందో, ఎంత చెప్పదో మనకు బాగా తెలుసు. అయితే కప్పు లెక్కలోకి రాదని కూడా పిల్లలకు చెప్పం. ఆయన దానికోసమే ఆడించారు, రాలేదు. అది లోటే.

చివరి సీజన్ 2019. జట్టు అంత బలంగా లేదు. టోర్నమెంట్ మొదలయ్యేసరికి 36 గెలుపులే. నలభై ఏళ్ళ వరస అక్కడ తెగుతుందనుకున్నారు. జార్జియా వాళ్ళ మైదానంలో మూడు ఆటలూ గెలిచారు. తర్వాత లూసియానా స్టేట్ మైదానంలో, వాళ్ళ జనం కేకల మధ్య మొదటి ఆట గెలిచారు, అది నలభయ్యో గెలుపు. రెండోదీ గెలిచి ఒమాహా చేరారు. అక్కడ ఆర్కాన్సాని 1-0తో ఓడించి, తర్వాత మిషిగన్, టెక్సాస్ టెక్ చేతుల్లో ఓడి ఇంటికి వచ్చారు. మొదటి సీజన్ ఒమాహాలో, చివరి సీజన్ ఒమాహాలో.

ఆయన 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ వేసవిలోనే ఫ్లోరిడా స్టేట్ మళ్ళీ ఒమాహా వెళ్ళింది. కోచ్ లింక్ జారెట్, 1990లలో ఆయన దగ్గరే షార్ట్‌స్టాప్‌గా ఆడిన కుర్రాడు. ఆ ఏడు కూడా కప్పు టెనసీకి పోయింది.

ఇంటిపని: 2029ని 40తో భాగించి, ఏడాదికి సగటున ఎన్ని గెలుపులో అక్షరాల్లో రాయండి. రెండో ప్రశ్న. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కోచ్ రాడ్ డెడో 11 సార్లు జాతీయ ఛాంపియన్, 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదుసార్లు. మీకు డెడో గారి దగ్గర ఆడాలని ఉందా, మార్టిన్ గారి దగ్గరా? ఎందుకో పది వాక్యాల్లో రాయండి. అమ్మానాన్నలను మాటలు అడగవచ్చు, ఫోన్‌ని మాత్రం అడగకూడదు.