రగ్బీ ఆటగాని దమ్ము: స్ప్రింటు, ఇంటర్వల్ శిక్షణ

ఆటకు దమ్ము కావాలని ఒప్పుకోని వాళ్ళు లేరు. అయితే ఏ ఆటకు ఎలాంటి దమ్ము కావాలి, అది ఎలా వస్తుంది అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర ఒకే జవాబు వుంటుంది: "రోజూ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టు, అదే వస్తుంది." సాయంత్రం పూట మన గ్రౌండులో నేను చూసేదీ ఇదే. రౌండ్లు కొట్టడం తప్పని నేననను. కాని వాటితోనే సరిపెట్టుకుంటే ఆటలో అక్కరకు వచ్చే దమ్ము రాదు. ఈ సంగతి రగ్బీ ఆటలో కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదు గనుక ఈ వ్యాసానికి ఆ ఆటనే తీసుకున్నాను.

రగ్బీ మనలో చాలామందికి కొత్తే గాని, మన దేశానికి కొత్త కాదు. 1872 డిసెంబరు 25న కలకత్తాలో ఇంగ్లండు వాళ్ళు ఒక జట్టుగా, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు వాళ్ళు మరో జట్టుగా మ్యాచి ఆడారు. తరువాత అక్కడ వెలసిన క్లబ్బు కొన్నేళ్ళకే మూతపడింది. మిగిలిన వెండి రూపాయలు కరిగించి వాళ్ళు ఒక కప్పు చేయించారు. 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఆ కప్పు కోసమే తలపడుతున్నాయి. దాని పేరు ఇప్పటికీ కలకత్తా కప్పే.

ఆట అడిగేదేమిటి?

రగ్బీ యూనియన్ ఆటలో వైపుకు 15 మంది, 40 నిమిషాల చొప్పున రెండు భాగాలు. 'సెవెన్స్' అనే పొట్టి ఆటలో వైపుకు ఏడుగురే. భాగానికి ఏడు నిమిషాలు. 80 నిమిషాల మ్యాచిలో ఒక్కొక్క ఆటగాడు మొత్తం మీద ఐదు నుంచి ఏడు కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో ఎక్కువ భాగం నడకే, మెల్లని పరుగే. మ్యాచిని తేల్చేది మిగిలిన కాస్త భాగం. నాలుగైదు సెకండ్లు ప్రాణం పెట్టి పరుగెత్తాలి, ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టాలి, తానూ పడాలి, లేవాలి, గుంపులో భుజం పెట్టి నెట్టాలి. ఊపిరి కుదుటపడకముందే మళ్ళీ అదే పని. వెనక వరసలో ఆడేవాళ్ళకు పరుగు ఎక్కువ, ముందు వరస వాళ్ళకు నెట్టుడూ కుస్తీ ఎక్కువ. అంతే తేడా.

అంటే ఇక్కడ కావలసింది ఒకసారి వేగంగా పరుగెత్తగలగడం కాదు, చాలాసేపు మెల్లగా పరుగెత్తగలగడం కూడా కాదు. పూర్తిగా తేరుకోకముందే మళ్ళీ వేగంగా పరుగెత్తగలగడం. శిక్షణ అంతా దీని కోసమే.

జేబు డబ్బు, చేబదులు, నెల జీతం

కండరం కదలాలంటే ఎ.టి.పి. అనే పదార్థం ఖర్చు కావాలి. అది రెండు మూడు సెకండ్లకు సరిపడా మాత్రమే నిలవ వుంటుంది. ఖర్చయిన దాన్ని శరీరం మూడు విధాల భర్తీ చేసుకుంటుంది.

మొదటిది క్రియాటిన్ ఫాస్ఫేట్. ఇది జేబులో డబ్బు లాంటిది. అడిగిన వెంటనే దొరుకుతుంది, పది సెకండ్లలోపే అయిపోతుంది. రెండోది, ప్రాణవాయువు అవసరం లేకుండా కండరంలోని పిండిపదార్థాన్ని విరగ్గొట్టడం. ఇది చేబదులు. ఒకటి రెండు నిమిషాలు గడుస్తుంది గాని కాళ్ళు బరువెక్కుతాయి. మూడోది, ప్రాణవాయువుతో పిండినీ కొవ్వునూ మండించడం. ఇది నెల జీతం. ఆలస్యంగా వస్తుంది, కాని గంటల తరబడి ఆదుకుంటుంది.

ఇక్కడ మనవాళ్ళు గమనించని విషయం ఒకటుంది. స్ప్రింటుకు ఖర్చయిన జేబు డబ్బును మధ్య విరామంలో మళ్ళీ నింపేది ఎవరు? ఆ నెల జీతమే! సగం డబ్బు సుమారు అర నిమిషంలో తిరిగి చేరుతుంది. పూర్తిగా నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు గట్టివైతే ఈ నింపుడు త్వరగా జరుగుతుంది. అందుకే రగ్బీ ఆటగానికి వేగమూ కావాలి, నిలకడా కావాలి. ఒకటి వుండి ఇంకొకటి లేకపోతే చివరి ఇరవై నిమిషాల్లో బయటపడిపోతుంది.

ఇంకో మాట. మరునాటి ఒళ్ళు నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని పాత పుస్తకాల్లో రాసేవారు. అది నిజం కాదని తేలింది. అది సుమారు గంటలోనే రక్తంలోంచి చాలావరకు తొలగిపోతుంది. పైగా గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది కూడా. ఆ నొప్పులు అలవాటు లేని శ్రమ వల్ల కండరపు పోగులకు తగిలే చిన్న చిన్న దెబ్బల ఫలితం.

విశ్రాంతి కూడా శిక్షణే

ఇంటర్వల్ పద్ధతికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారు జర్మనీలోని ఫ్రైబర్గులో పనిచేసిన శిక్షకుడు గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు రైండెల్. పరుగుతో నాడిని నిమిషానికి 180 దాకా తీసుకువెళ్ళడం, అది 120కి దిగేదాకా ఆగడం, మళ్ళీ పరుగెత్తించడం. ఇదీ వారి పద్ధతి. ఒకటిన్నర నిమిషంలో నాడి 120కి దిగకపోతే పని శక్తికి మించిందన్నమాట. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకండ్లలో పరుగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు.

"చదువుకే టైము చాలడం లేదు సార్" అనే విద్యార్థులకు నేను రోజర్ బానిస్టర్ సంగతి చెబుతుంటాను. 1954 మే 6న మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకండ్లలో పరుగెత్తి, నాలుగు నిమిషాల గోడ దాటిన మొదటి మనిషి ఆయన. అప్పుడాయన వైద్య విద్యార్థి. మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్ళి 440 గజాలు పదిసార్లు, మధ్య రెండేసి నిమిషాల వ్యవధితో పరుగెత్తి వచ్చేవాడు.

ఇక 1996లో జపానులో తబాటా బృందం సైకిలు యంత్రం మీద 20 సెకండ్లు తీవ్రమైన పని, 10 సెకండ్లు విశ్రాంతి చొప్పున ఏడెనిమిది సార్లు చేయించింది. ఆరు వారాల్లో చేబదులు శక్తీ, జీతం శక్తీ రెండూ పెరిగాయి.

ఎలా చెయ్యాలి?

ముందు పావుగంట ఒళ్ళు వేడెక్కించాలి: మెల్లని పరుగు, మోకాళ్ళు ఎత్తి పరుగు, క్రమంగా వేగం పెంచుతూ మూడు నాలుగు పరుగులు. ఇది మానేసి స్ప్రింటు మొదలుపెడితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. ఆ తరువాత మూడు రకాలు:

1. శుద్ధ వేగం కోసం 30 లేక 40 మీటర్లు పూర్తి వేగంతో ఆరు నుంచి ఎనిమిది సార్లు. మధ్య రెండు మూడు నిమిషాలు నడక. ఇక్కడ విశ్రాంతి తగ్గించకూడదు. తగ్గిస్తే వేగం పోయి ఉత్త ఆయాసం మిగులుతుంది.

2. మళ్ళీ మళ్ళీ స్ప్రింటు. ప్రతి 30 సెకండ్లకూ విజిలు వేసి 30 మీటర్లు, ఆరుసార్లు. నాలుగు నిమిషాల విరామం తరువాత రెండో విడత. ముందు వరస వాళ్ళు ప్రతి పరుగుకు ముందు బోర్లా పడుకొని లేవాలి. ఆటకు బాగా దగ్గరైన అభ్యాసం ఇదే.

3. నిలకడ కోసం మూడు నిమిషాలు గట్టి పరుగు, మూడు నిమిషాలు నడక, నాలుగుసార్లు. లేదా 15 సెకండ్లు పరుగు, 15 సెకండ్లు నడక చొప్పున పది నిమిషాలు.

వారానికి మూడు రోజులు చాలు, రోజుకొక రకం. మధ్య ఒక రోజు ఎడం వుండాలి. వారం వారం ఏదో ఒకటే పెంచండి: సంఖ్య గాని, దూరం గాని. మ్యాచి వారంలో పని సగానికి తగ్గించండి.

ఫలితం కొలవడానికి రగ్బీ జట్లు వాడే 'బ్రాంకో' పరీక్ష సులువైనది. బయలుదేరిన గీత నుంచి 20, 40, 60 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టి, ఒక్కొక్క దానికీ వెళ్ళి రావాలి. అలా ఐదుసార్లు, ఆగకుండా. మొత్తం 1200 మీటర్లు. ఐదు నిమిషాల లోపు పూర్తి చేస్తే మంచి దమ్మున్నట్టే. మొదటి వారంలో ఒకసారి, ఆరు వారాల తరువాత ఒకసారి చేసి టైము రాసుకోండి.

ఇసుక మీద పుట్టిన బంగారం

2016 రియో ఒలింపిక్సులో రగ్బీ సెవెన్స్ మొదటిసారి ప్రవేశించింది. ఫైనల్లో ఫిజీ 43–7 తేడాతో బ్రిటన్‌ను ఓడించింది. చెరుకు తోటల పనికి మన తెలుగువాళ్ళు కూడా ఓడలెక్కి వెళ్ళిన ఆ చిన్న దీవుల దేశానికి అది మొట్టమొదటి ఒలింపిక్ పతకం. శిక్షకుడు బెన్ రయన్ ఆ జట్టును సిగతోక ఇసుకతిన్నెల మీదికి పరుగెత్తించేవాడు. ఎక్కేటప్పుడు గట్టి పని, దిగేటప్పుడు విశ్రాంతి. అదీ ఇంటర్వల్ పద్ధతే. అందుకు ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు.

ఒక హెచ్చరిక

దమ్ము అనేది గెలుపు కోసం మాత్రమే కాదు. అలసిపోయినవాడు టాకిల్ చేసేటప్పుడు నడుము వంచడు, తల పెట్టవలసిన వైపు పెట్టడు. తలకు, మెడకు ప్రమాదకరమైన దెబ్బలు అలా తగులుతాయి. తలకు దెబ్బ తగిలి తికమకపడుతున్నవాణ్ణి వెంటనే ఆటలోంచి తప్పించాలి, ఆ రోజు మళ్ళీ దింపకూడదు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? మార్చి నుంచి జూన్ దాకా ఈ అభ్యాసం తెల్లవారుజామునే చెయ్యండి. "మధ్యలో నీళ్ళు తాగితే దమ్ము పోతుంది" అనే మాట వట్టి అబద్ధం. దాహమైతే తాగండి. ఎవరైనా తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి ఒళ్ళంతా చన్నీళ్ళతో తడిపి చల్లార్చాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి కబురు పంపాలి. ఓర్చుకోమని చెప్పడం మగతనం కాదు, ప్రాణంతో చెలగాటం.

మనం ఆడేది కబడ్డీ కావచ్చు, ఫుట్‌బాలు కావచ్చు, హాకీ కావచ్చు. అన్నిటిలోనూ ఆగి ఆగి విజృంభించడమే వుంది గనుక ఈ పాఠం అన్నిటికీ వర్తిస్తుంది. ఒక విజిలు, ఒక గడియారం, కొలిచి గీత గీసిన 60 మీటర్ల నేల వుంటే మొదలుపెట్టవచ్చు. వచ్చే విద్యాసంవత్సరంలో మన జట్లు రౌండ్ల లెక్క తగ్గించి, పరుగుకూ విశ్రాంతికీ టైము లెక్క రాసుకుంటాయని ఆశిస్తున్నాను.