ఖాళీ అనే ముందు కారణం వెతకండి

చీడికాడ నుంచి చోడవరం, అనకాపల్లి, విశాఖ వెళ్లి ఆఫీసుల్లో కంప్యూటర్ పని చేస్తున్న యువతకు ఈ మాట. సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే ఒక్కోసారి లోపల ఏమీ కనబడదు. నిన్నటి ఫైళ్లన్నీ పోయాయని గుండె జారిపోతుంది. కంగారు పడకండి. ఫోల్డర్‌ను చదవలేకపోయినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ జాబితానే చూపిస్తాయి. కనబడలేదంటే లేదని కాదు. ఈ తేడా తెలిసిన మనిషిని ఆఫీసు నమ్ముతుంది.

ముందు చేతులు ఆపండి. బ్యాకప్ అస్సలు నడపకండి. రెండు చోట్లా ఫైళ్లు ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని నిజమనుకుంటే మంచి కాపీని కూడా తుడిచేయగలదు.

తర్వాత ఎర్రర్ నంబరు చదవండి. చాలామంది చదవకుండానే ఓకే నొక్కేస్తారు. విండోస్‌లో 53 వస్తే సర్వర్ దారే దొరకలేదని అర్థం. 1326 అయితే యూజర్‌నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు. 5 అంటే అనుమతి లేదు. మూడూ వేర్వేరు సమస్యలు. అన్నిటికీ ‘నెట్ లేదు’ అనేస్తే ఒక్కటీ తేలదు. అదే ఫోల్డర్ మామూలుగా తెరుచుకుని ఒక్క ప్రోగ్రాంలోనే తెరుచుకోకపోతే, ఆ ప్రోగ్రాం ఎవరి లాగిన్‌తో నడుస్తోందో చూడండి. ఆ ఫోల్డర్‌కు మీరు పెట్టుకున్న జెడ్ డ్రైవ్, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపే ప్రోగ్రాంకు కనబడకపోవచ్చు. డ్రైవ్ అక్షరానికి బదులు సర్వర్ పేరుతో పూర్తి దారి ఇచ్చి చూడండి.

ఒక్కోసారి ఫోల్డర్ తెరుచుకోకపోవడం మన మేలుకే ఉంటుంది. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. ఎస్‌ఎంబీ-1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోని లోపమే దానికి దారిచ్చింది. ఆ పద్ధతి వాడొద్దని మైక్రోసాఫ్ట్ అప్పటికే చెబుతోంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్‌లో దాన్ని ముందుగా ఇన్‌స్టాల్ చేయడం మానేసింది. ఆ పద్ధతి తప్ప మరొకటి తెలియని పాత స్టోరేజీ పరికరాల్లోని ఫోల్డర్లు అందుకే కొత్త కంప్యూటర్లలో తెరుచుకోవు. పని ఆగిందని ఆ పాత పద్ధతిని మళ్లీ ఆన్ చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పరికరానికి అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే పరికరాన్నే మార్చమని పైవాళ్లను గట్టిగా అడగండి.

సిస్టమ్స్ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ‘పనిచేయట్లేదండీ’ అని ఊరుకోకండి. ఏ ఫోల్డర్, ఏ నంబరు, ఎన్నింటికి, పక్క కంప్యూటర్లో తెరుచుకుంటోందా అన్నది కాగితం మీద రాసుకుని చెప్పండి. ఇంగ్లిష్ రాదని వెనకాడొద్దు, తెలుగులోనే ధైర్యంగా చెప్పండి.